నాడె మొన

నేను ఒక బెంచీని. ఇంట్లో గోడవార వేసుకునే రకం కాదు, నలుగురి కోసం వీధిలో పాతే రకం. చూడ్డానికి బాగుంటాను. ఇది నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు, ఎక్కడెక్కడి నుంచో కార్లలో వచ్చిన పెద్దమనుషులు అన్నమాటే. ఒకసారి పత్రికలో నా ఫొటో కూడా పడింది. చూడ్డానికి బాగున్నంత మాత్రాన మంచివాళ్లనుకోకూడదని మనుషుల విషయంలో మీకు తెలిసిందే కదా. బెంచీల విషయంలోనూ అంతే. నేను ఒక మనిషికి అన్యాయం చేశాను. ఆయన పేరు పేరయ్య. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. తప్పంతా తన చేతుల మీద వేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. అది ఎలా జరిగిందో మొదట్నుంచీ చెబుతాను.

నన్ను కన్నది తరళ. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. వీధుల్లో పెట్టే బెంచీలు, దీపస్తంభాలు, కుళాయి దిమ్మెలు, చెత్తబుట్టలు చుట్టూ ఉన్న చోటుకి నప్పేలా గీయడం ఆమె చదువుకున్న చదువు. మనవాళ్లు వీధిలో ఏది పెట్టినా పానకంలో పుడకలా పెడతారని ఆమెకు మహా బాధ. ఆ బాధలో అర్థం లేకపోలేదు. మా జాతిలో సిమెంటు బెంచీలు కొన్ని ఉంటాయి, మీరు చూసే ఉంటారు. వాటి వీపు మీద దాత పేరు, దాత తండ్రి పేరు, ఎవరి జ్ఞాపకార్థమో ఆ స్వర్గస్థుల పేరు, ఆవిష్కరించిన నాయకుడి పేరు అన్నీ రాసి ఉంటాయి. ఇన్ని పేర్లకి వీపు ఆనించడం మర్యాద కాదనుకుంటారో ఏమో, జనం వాటి పక్కన నిలబడి మాట్లాడుకుంటారు.

రాయనిపాలెం మున్సిపాలిటీవాళ్లు మగ్గాల బజారును అందంగా తీర్చిదిద్దాలనుకున్నప్పుడు ఆ పని తరళ చేతికి వచ్చింది. మగ్గాల బజారంటే ముప్పై నలభై నేతగాళ్ల ఇళ్లున్న సన్నటి వీధి. ఇటు మురుగుకాలవ, అటు ఇళ్ల మెట్లు, మధ్యలో పది పన్నెండు అడుగుల దారి. గుంటూరు నుంచి బస్సులో వచ్చి, టేపు పట్టుకుని, తరళ ఆ వీధిని ఇంచీ ఇంచీ కొలిచింది. ఇళ్ల ముందు అరుగులు ఎంత ఎత్తున్నాయో కొలిచి, పదిహేడు అంగుళాలని తేల్చుకుని, నా ఎత్తు కూడా అంతే పెట్టింది. కాళ్లు నొప్పులున్న ముసలివాళ్లని అడిగి, లేచేటప్పుడు ఆసరా ఉండాలని నాకు రెండు చేతులు గీసింది. కూర్చునే చోట ఇరవై టేకు బద్దలు పొడుగ్గా, మగ్గం మీద పడుగు దారాల్లాగా పరిచింది. నా చేతుల చివరలు నాడె ఆకారంలో ఉండాలంది. నాడె అంటే నేతగాడు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు విసిరే పడవలాంటి చిన్న పనిముట్టు. దానికి ముందూ వెనకా రెండు మొనలుంటాయి. అలా నా రెండు చేతులకీ కలిపి నాలుగు మొనలొచ్చాయి. రంగు కోసం మంగతాయారు అనే ఆవిడ దగ్గర పాత చీర అంచు ముక్క అడిగి తీసుకుని, ఆ కుంకుమ రంగు వచ్చేదాకా రంగులవాడిని నాలుగుసార్లు తిప్పి పంపింది. ఇంత శ్రద్ధగా కన్న తల్లిని నేను ఇంకెక్కడా చూడలేదు. అందుకే ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం రాదు.

ఆమె చేసిన తప్పు ఒకటే, అది కూడా ఒక్క మాట దగ్గర. ఆమె వచ్చేది పదింటి బస్సుకి, వెళ్లేది నాలుగింటి బస్సుకి. ఆ వేళలో మగ్గాల బజారులో కుక్క కూడా తిరగదు. ఇళ్లలోంచి మగ్గాల టకటకలు వినిపిస్తుంటాయి, అంతే. చీర అంచు ఇచ్చిన మంగతాయారుని ఆమె ఒకరోజు అడిగింది.

"అమ్మా, ఈ బజార్లో ఎవరూ వాడుకోని చోటంటూ ఏదైనా ఉందా? నేను పెట్టేది ఎవరికీ అడ్డం కాకూడదు."

"పొద్దెక్కినాక బజారంతా ఖాళీయేగా తల్లీ. అందరం లోపల మగ్గాల మీదే ఉంటాం" అంది మంగతాయారు.

తరళ తన పుస్తకంలో "బజారంతా ఖాళీ" అని రాసుకుంది. "పొద్దెక్కినాక" అన్నమాట రాసుకోలేదు. అది ఊరికే మాట వరసకి వచ్చిందనుకుంది పాపం. చదువుకున్నవాళ్లకి అవతలివాళ్ల మాటల్లో అక్కరకొచ్చేవేవో, అక్కర్లేనివేవో ఇట్టే తెలిసిపోతాయి కదా.

కాగితం మీద పుట్టాక నేను ఇనుములో పుట్టింది మస్తాన్ కార్ఖానాలో. పోత ఇనుము పనిలో అతనిది అందెవేసిన చెయ్యి. కానీ నన్ను పోసిన రోజున అచ్చు ఒక పక్కకి కొంచెం జరిగింది. నా కుడిచేతి ముందు మొన అడుగున బియ్యపు గింజంత ఇనుము ఎక్కువొచ్చి ముల్లులా నిలబడింది. మస్తాన్ చూశాడు. బొటనవేలు పెట్టి తడిమి చూశాడు కూడా. ఆకురాయితో రెండు నిమిషాలు రుద్దితే పోయేది. అప్పటికే బయట లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"లప్పం పెట్టి రంగు కొట్టెయ్యండిరా. కిందివైపు ఎవరు చూడొచ్చారు" అన్నాడు.

ముల్లు చుట్టూ లప్పం మెత్తి, దాని మీద కుంకుమ రంగు వేశారు. చేత్తో నిమిరినా తెలియనంత నున్నగా వచ్చింది. అప్పుడు నాకు ఏ బెంగా కలగలేదు, పైగా మురిసిపోయాను. ఒంట్లో ముల్లు పెట్టుకుని పైన రంగు పూసుకుని ఊరేగింపుగా లారీ మీద వెళ్లాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాఘమాసంలో నన్ను మగ్గాల బజారు మధ్యలో, మురుగుకాలవ పక్కన పాతారు. నాతోపాటు ఇంకో రెండు బెంచీలు వీధి రెండు చివర్లా వేశారు. వాటివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఉన్న పాపమంతా నడిమధ్య ఉన్న నాదే. ఆ మధ్యాహ్నం మగ్గాలు ఆపి జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. మంగతాయారు వచ్చి నా చెయ్యి తడిమి, "అచ్చం మా అంచు రంగే" అని మురిసిపోయింది. తరళ నా మీద కూర్చుని వీధిని అటూ ఇటూ చూసుకుంది. నేను అక్కడ ఎప్పట్నుంచో ఉన్నట్టే ఉన్నాను. కొత్తగా తెచ్చి పెట్టిన వస్తువులా లేను. ఆమె కోరుకున్నది అదే. నాలుగింటి బస్సుకి సంతోషంగా వెళ్లిపోయింది.

మర్నాడు తెలతెలవారుతుండగా అసలు సంగతి తెలిసింది నాకు.

ముందు పేరయ్య వచ్చాడు. మంగతాయారు భర్త. అరవై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంటాడు. ఆయన వెనక మరో అయిదుగురు. వాళ్లు భుజాల మీద మోసుకొచ్చిన పడుగును విప్పి వీధి పొడుగునా పరిచారు. పడుగంటే మగ్గం ఎక్కకముందు నిలువు దారాల వరస. ముప్పై గజాల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, మూడు నాలుగు వేల పోగులు. ఆ పోగులకి గంజి పట్టించి, ఒకదానికొకటి అంటుకోకుండా ఆరబెడితేనే మగ్గం మీద తెగకుండా నిలుస్తాయి. కత్తెరలా కట్టిన వెదురు కర్రల మీద పడుగును ఎత్తి, రెండు చివరలా తాళ్లతో బిగలాగి, గంజి చల్లి, ఇటొకరు అటొకరు పెద్ద కుంచె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసదాకా దువ్వుతూ నడుస్తారు. తెగిన పోగు కనిపిస్తే నడుస్తూనే వేళ్లతో అతికేస్తారు. ఇదంతా ఎండ ముదరకముందే అయిపోవాలి. అయిపోగానే పడుగు చుట్టుకుని ఇళ్లలోకి వెళ్లిపోతారు. పొద్దెక్కినాక బజారంతా ఖాళీ.

అంటే ఆ వీధి దారి కాదు, వాళ్ల కార్ఖానా. నేను ఆ కార్ఖానా నడిబొడ్డున కాళ్లు పాతుకుని కూర్చున్నాను. నా ఒంటినిండా పడుగు బొమ్మలు, నాడె బొమ్మలు. అసలు పడుగుకి మాత్రం నేనే అడ్డం.

ఆ ఆరుగురిలో కోటిలింగం అని ఒక పెద్దాయన ఉన్నాడు, పేరయ్యకి చిన్ననాటి స్నేహితుడు. నన్ను చూడగానే ఆయనకి ఒళ్లు మండింది.

"ఇదేందిరా ఇక్కడ? పద, మున్సిపాలిటీకి పోయి పీకించేద్దాం" అన్నాడు.

"ఊరుకోరా. ఆ అమ్మాయి ఎంతో ముచ్చటపడి పెట్టించింది. మన బజారు కోసమేగా ఎండనబడి తిరిగింది. పీకించామంటే ఆ పిల్ల మనసు నొచ్చుకోదూ? మూరెడు అవతలికి జరుపుకుందాం, ఏం పోయింది" అన్నాడు పేరయ్య.

మనసు నొప్పించకూడదన్న ఈ పెద్దరికం ఎంత పని చేస్తుందో చూడండి. ఆ రోజు కోటిలింగం మాట నెగ్గి ఉంటే నన్ను పెకలించి ఏ పార్కులోనో పడేసేవాళ్లు, నేను ఇంకెక్కడైనా చల్లగా బతికేదాన్ని. వాళ్లు పడుగును మూరెడు అవతలికి జరుపుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి మనిషి పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది. ఆ ఇరుకులో ఎవరినీ నమ్మక కుంచె ఇటు కొస ఎప్పుడూ పేరయ్యే పట్టుకునేవాడు. నా చేతుల మీద గోనెపట్టాలు కప్పేవాడు, పోగులు రాసుకోకుండా. గోనెపట్టాలు పైన కప్పేవాడు. కింద ఏముందో ఆయనకేం తెలుసు.

ఆయన పని చూస్తూ చూస్తూ నాకు ఆయనంటే ప్రాణమైపోయింది. పేరయ్య వేళ్లకి కళ్లున్నాయనేవాళ్లు ఆ బజారులో. నాలుగు వేల పోగుల్లో ఒక్కటి వదులైనా కుంచె పట్టిన చేతికి తెలిసిపోయేది. నలభై మగ్గాలకి ఆయన దువ్విన పడుగే ఎక్కేది. నేతలో ఎక్కడైనా పోగు తెగితే "పేరయ్య పడుగు తెగదే, మనమే సరిగ్గా నెయ్యట్లేదు" అనుకునేవాళ్లు. ఆయనకున్న ఆస్తి ఆ ఒక్క మాటే. ఉగాదికి ముందు ఆయన కంటికి శుక్లం తీశారు. ఆపరేషనయ్యాక పదిహేను రోజులు కూడా ఆగకుండా కుంచె పట్టాడని మంగతాయారు గుమ్మంలో నిలబడి తిడుతుండేది. ఆయన నవ్వుకుంటూ దువ్వుకునేవాడు.

రోహిణి కార్తె ఎండలకి నా ఒంటి మీది లప్పం బీటలు తీసింది. తొలకరి వానకి ఒక పెళ్ల ఊడి మురుగుకాలవలో పడింది. ముల్లు బయటికొచ్చింది. నాకు తెలిసింది. ఆ క్షణం నుంచీ నేను ప్రతి తెల్లవారుజామునా గుండె చిక్కబట్టుకుని ఉండేదాన్ని. ఎవరైనా చెయ్యి పెట్టి గీసుకుంటే బాగుండునని కోరుకున్నాను. కాస్త రక్తం వస్తే నన్ను తిట్టి, ఆకురాయితో రుద్దేవాళ్లు కదా. మామూలుగా కూర్చునేవాళ్ల చెయ్యి కిందివైపుకి పోదు. ఎవరూ గీసుకోలేదు.

శ్రావణం ముందర కోటిలింగం ఇంటి మగ్గానికి పడుగు వేశారు. పెళ్లి చీరలకి. కుంకుమ రంగు పోగులు. గంజి పట్టించాక పడుగు తడిసి బరువెక్కింది. పేరయ్య కుంచె పట్టుకుని దువ్వుకుంటూ వస్తున్నాడు. నా పక్కకి వచ్చి, ఎప్పటిలాగే ఒళ్లు పక్కకి తిప్పాడు. అప్పుడే తూర్పు నుంచి గాలి ఒక్క విసురు విసిరింది. పడుగు అంచు ఎగిరి నా చేతి కిందికి జారింది. ముల్లుకి తగులుకుంది. అది పేరయ్యకి కనబడలేదు. ఆయన కుంచె ముందుకి లాగాడు.

చిరిగిన చప్పుడు రాలేదు. తడి పోగులు మెత్తగా తెగుతాయి. రెండు మూడు వందల పోగులు ఒక్కసారిగా కొసలు వేలాడేశాయి. బిగువు తప్పి, మిగతా పడుగంతా మెలిపడి నేలమీద పడింది. అందరూ నిలబడిపోయారు. పోగుల్ని ఏరి అతకాలని పేరయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎండ వచ్చేసింది. గంజి ఆరిపోయి దారాలు ఒకదానికొకటి అట్టకట్టాయి. అతకడం అయ్యే పని కాదని అందరికంటే ముందు ఆయనకే తెలుసు. అయినా చాలాసేపు ఏరుతూనే ఉన్నాడు.

మీరు అడగొచ్చు, అన్ని కళ్లలో ఒక్క కన్నూ ముల్లుని చూడలేదా అని. ముల్లుకి నాలుగు పోగులు చిక్కుకునే ఉన్నాయి. కానీ ఆ పోగులూ కుంకుమ రంగే, నేనూ కుంకుమ రంగే. తరళ నాలుగుసార్లు తిప్పి తిప్పి సాధించిన రంగు అది. ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనబడలేదు. చుట్టూ ఉన్నదానిలో నేను ఇమిడిపోవాలని కదా ఆమె కోరుకుంది, ఇమిడిపోయాను.

కోటిలింగం అరవలేదు. అరిచినా బాగుండేది. దగ్గరికొచ్చి, మెల్లిగా అడిగాడు.

"చెయ్యి వణికిందా పేరయ్యా?"

పేరయ్య తన చేతులకేసి చూసుకున్నాడు. గంజి పట్టి తెల్లగా ఉన్నాయవి.

"వణికినట్టే ఉందిరా. నాకు తెలవలా" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను, చేతికి అందేంత దూరంలో. వణకలేదని, లాగింది నేనని చెప్పడానికి నాకు నోరు లేదు. ఇనుముకి ఏడుపు రాదు కాబట్టి ఏడవలేదు. పేరయ్య లేచి కుంచెను కోటిలింగం చేతికిచ్చి, కాళ్లు కడుక్కుని ఇంట్లోకి వెళ్లాడు.

మళ్లీ ఆయన కుంచె పట్టలేదు. కోటిలింగం రెండుసార్లు వచ్చి బతిమాలాడు. "నీ పడుగైంది కాబట్టి సరిపోయింది, రేపు ఇంకోళ్లది పోతే ఏం మొహం పెట్టుకోను" అన్నాడట పేరయ్య. ఇంట్లో కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన లేకుండా మిగిలిన అయిదుగురూ నెల్లాళ్లు పని చేశారు. పోగులు తెగుతున్నాయని మగ్గాలవాళ్లు సణిగారు. ఒక్కొక్క ఇల్లే మిల్లులో గంజి పెట్టిన పడుగు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. కార్తీకం వచ్చేసరికి మగ్గాల బజారు తెల్లవారుజామున కూడా ఖాళీ అయింది. అప్పుడు జనం వచ్చి నా మీద కూర్చోసాగారు. పాలవాడు కూర్చున్నాడు, పేపరు చదివేవాళ్లు కూర్చున్నారు. నేను వాళ్లకి ఎంతో సుఖంగా ఉన్నానన్నారు.

ఏడాది తిరిగాక తరళ వచ్చింది. వీధి అందాలకి ఇచ్చే ఏదో బహుమతికి మగ్గాల బజారు పేరు వెళ్లిందట. నిర్ణేతలు మూడు రోజుల్లో వస్తారని, అంతా ఎలా ఉందో చూసుకోవడానికి ముందుగా వచ్చింది. నా బద్దలు తుడిచింది. రంగు ఎక్కడ వెలిసిందో వంగి చూస్తూ నా కుడిచేతి దగ్గర ఆగింది. ఏడాది ఎండకి ముల్లుకి చిక్కుకున్న పోగులు పాలిపోయి, కుంకుమ రంగు మీద తేలి కనిపిస్తున్నాయి. లాగింది. వేలు కోసుకుంది. నోట్లో వేలు పెట్టుకుని నిలబడి ఉండగా మంగతాయారు గుమ్మంలోంచి చూసి, పసుపు పట్టుకొచ్చి వేలికి అద్దింది.

"ఎంత బాగా పెట్టావు తల్లీ దీన్ని. మా ఆయన కూడా దీన్ని చూసినప్పుడల్లా నిన్నే తలుచుకుంటాడు" అని, ఆ మాటల్లోనే జరిగిందంతా చెప్పింది. తెల్లవారుజామున ఇక్కడ పడుగు వేసేవాళ్లమని, ఈ బెంచీ పక్కనే, కోటిలింగం పడుగు, కుంకుమ రంగు పోగులు, మా ఆయన చెయ్యి వణికింది, అప్పట్నుంచీ ఇంట్లోనే అని.

తరళ గుప్పిట్లో ఆ నాలుగు పోగులూ ఉన్నాయి. ఆమె మొహం ఎలా పాలిపోయిందో నేను చూశాను. పేరయ్య లోపల రాట్నం దగ్గరే ఉన్నాడు. గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే చాలు. ఆమె వెయ్యలేదు. నాలుగింటి బస్సుకి వెళ్లిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, మగ్గాలన్నీ ఆడుతున్న వేళ, మళ్లీ వచ్చింది. చేతిసంచీలోంచి ఆకురాయి తీసింది. నా పక్కన నేలమీద కూర్చుని, అటూ ఇటూ చూసుకుంటూ ముల్లుని అరగదీసింది. మగ్గాల చప్పుడులో ఆ చప్పుడు కలిసిపోయింది. ఆమె కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ ముల్లు పోవాలని నేను ఎంత కోరుకున్నానో మీకు తెలుసు. అయినా ఆ రోజు, వద్దు, ఉంచు, అదొక్కటే సాక్ష్యం అని అరవాలనిపించింది. అరగదీసి, నున్నగా ఉందో లేదో చూసుకుని, చిన్న డబ్బాలోంచి కుంకుమ రంగు తీసి వేసింది. బహుమతి మీద ఆశ ఎంత, భయం ఎంత అన్నది నేను తూచలేను. రెండూ ఉన్నాయి.

నిర్ణేతలు వచ్చారు. నన్ను నిమిరారు. చుట్టూ ఉన్న బతుకులోంచే ఈ వస్తువు మొలిచినట్టుందని వాళ్లలో ఒకాయన అన్నాడు. బహుమతి వచ్చింది. ఫొటో పడింది.

ఆ తర్వాత వారం తిరక్కుండా తరళ పేరయ్య ఇంటికి వచ్చింది. నేను గుమ్మానికి ఎదురుగానే ఉన్నాను కాబట్టి అంతా విన్నాను.

"పేరయ్యగారూ, నావల్ల పెద్ద తప్పు జరిగింది. తెల్లారి మీరు ఇక్కడ పని చేస్తారని కనుక్కోకుండా బెంచీ పెట్టాను. దాన్ని తీయించేస్తున్నాను. నన్ను క్షమించండి" అంది.

"బెంచీదేముందమ్మా. దాన్ని పక్కనబెట్టుకునేగా అన్ని నెల్లు పని చేశాం. ఆ రోజు నా చెయ్యే వణికింది. వయసు మీద పడిందిగా. నువ్వేం మనసులో పెట్టుకోమాక" అన్నాడు పేరయ్య.

ఇంతకంటే వెడల్పుగా తలుపు ఇంకెవరు తెరుస్తారు? ఒక్క వాక్యం చాలు. తరళ పెదవులు కదిలాయి.

"అలా అనకండి" అంది. అంతే అంది. మంగతాయారు ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయింది. చిన్న తప్పుకి క్షమాపణ చెప్పి, పెద్ద తప్పుని దాని వెనక దాచుకోవడం మనుషులకి ఎంత తేలికో ఆ రోజు చూశాను. పెదవి విరవడానికి నాకు హక్కు లేదు. పోగులు తెంపింది నేనే.

నన్ను పెకలించి మున్సిపాలిటీ దొడ్లో పడేశారు. విరిగిన చెత్తబళ్ల మధ్య, ఆరిపోయిన వీధి దీపాల మధ్య ఆరేళ్లు ఉన్నాను. అక్కడెవరికీ నేను అందంగా కనబడలేదు, అది నాకు హాయిగానే అనిపించింది. తర్వాత జిల్లా కేంద్రంలో చేనేత ప్రదర్శనశాల కట్టారు. బహుమతి వచ్చిన బెంచీ కదా అని నన్ను వెతికి తీసి, కడిగి, హాలు మధ్యలో వేశారు. నా పక్కనే వెదురు కర్రల మీద నాలుగు గజాల నమూనా పడుగు. దాని పక్క బల్ల మీద ఒక పెద్ద కుంచె. ఆ కుంచెను చూడగానే గుర్తుపట్టాను. కోటిలింగం ఇచ్చాడట.

తెరిచిన రోజున పేరయ్యను కారులో తీసుకొచ్చారు. మంగతాయారు కూడా వచ్చింది, నాతో మాట కలిపినట్టు నా వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, గోడల మీది ఫొటోలు చూడ్డానికి వెళ్లింది. తరళ అక్కడే ఉంది. హాలంతా తీర్చింది ఆమే. జుట్టులో కాస్త తెలుపు వచ్చింది.

ప్రదర్శనశాల అధికారి పేరయ్య దగ్గరికి వచ్చాడు. "పెద్దాయనా, కలెక్టరుగారు వచ్చినప్పుడు ఒక్కసారి ఈ కుంచె పట్టి దువ్వి చూపించాలి మీరు."

పేరయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నా చేతులు పనికిరావు బాబూ. వణుకుతాయి. ఇంకెవరినన్నా పిలవండి."

అధికారి ఇంకొకరిని వెతకడానికి వెళ్లాడు. పేరయ్య నా మీద కూర్చున్నాడు. కుడివైపు చివర. పని లేని చెయ్యి ఊరికే ఉండదు కదా, ఆయన వేళ్లు నా చేతి చివర ఉన్న నాడెను తడమసాగాయి. పైన తడిమి, కిందికి దిగాయి. అక్కడ ఆగాయి. నాడె మొన కిందివైపు గుండ్రంగా ఉబ్బి ఉండాలి. అక్కడ పల్లంగా ఉంది. ఆయన బొటనవేలు ఆ పల్లం మీద మెల్లిగా అటూ ఇటూ తిరిగింది. రంగు కింద ఆకురాయి గీతలు సన్నగా, వరసగా ఉన్నాయి. కంటికి కనబడేవి కావు. నాలుగు వేల పోగుల్లో వదులైన ఒక్కటిని పట్టుకునే వేలికి అదో లెక్కా?

ఆయన వెనక మొన తడిమి చూశాడు. లేచి అవతలికి వెళ్లి ఎడమచేతి మొనలు రెండూ తడిమాడు. ఆ మూడూ గుండ్రంగానే ఉన్నాయి. మళ్లీ వచ్చి కుడిచేతి ముందు మొన పట్టుకుని, నిలబడే ఉండిపోయాడు. ఆయన ఏమి ఆలోచిస్తున్నాడో నాకు తెలుస్తూనే ఉంది. ఏ పక్కన నడిచాడు, ఏ చేతి దగ్గర పడుగు ఆగింది, అంతా ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాడు.

తల ఎత్తేసరికి ఎదురుగా తరళ ఉంది. ఎప్పట్నుంచి చూస్తోందో.

"దీన్ని ఎవరో అరగదీశారమ్మా" అన్నాడు పేరయ్య.

"నేనే" అంది తరళ. "అక్కడొక ముల్లుండేది. దానికి మీ పోగులు చిక్కుకుని ఉన్నాయి. మంగతాయారుగారు జరిగింది చెప్పిన మర్నాడే వచ్చి అరగదీశాను. మీకు చెప్పాలనే మీ ఇంటికి వచ్చాను ఆ రోజు. చెప్పలేకపోయాను."

పేరయ్య ఆ మొనని వదిలిపెట్టాడు. హాల్లో ఎవరో మైకు సరిచేస్తున్నారు.

"ఏడేళ్లమ్మా" అన్నాడు. గొంతు పెంచలేదు. "మా అమ్మాయికి కూతురు పుడితే నేను ఎత్తుకోలా. చేతుల్లోంచి జారిపోద్దేమోనని. దానికి ఇప్పుడు ఆరో ఏడు. తాతకి నేనంటే ఇష్టం లేదనుకుంటదది."

పేరయ్య రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఆయన్ని ఎరిగినప్పట్నుంచీ మొదటిసారి నేను వాటిని చూశాను, నిజంగా వణకడం. తరళ వాటిని పట్టుకోబోయింది. ఆయన చేతులు వెనక్కి తీసుకుని, మంగతాయారు ఎక్కడుందో వెతుక్కుంటూ ఫొటోల వైపు వెళ్లాడు.